ఊదా సిరాలో గౌరీశ్వరి

ఆ ఏడు ఆశ్వయుజంలో వానలు తొందరగా తగ్గాయి. రావివలస నుంచి టెక్కలి వెళ్లే దారికి రెండు పక్కలా వరి పొట్ట మీద ఉంది. నా చేతిలో మూడు కాగితాలున్నాయి. భాద్రపదంలో జ్వరంతో పోయిన నా భార్య గౌరీశ్వరి గురించి రాసినవి. ఒక్క మాట కూడా తగ్గకుండా మా పత్రికలో వేయించాలని బయలుదేరాను.

పత్రికంటే అచ్చాఫీసులో పడేది కాదు. నా స్నేహితుడు దానయ్య టెక్కలి ఆసుపత్రిలో కాంపౌండరు. గ్లిజరిన్, జిలాటిన్ కలిపి కాచి, తగరపు పళ్లెంలో పోసి జిగురుపలక తయారుచేశాడు. ఊదారంగు సిరాతో రాసిన కాగితాన్ని దానిమీద బోర్లిస్తే అక్షరాలు జిగురుకు అంటుకుంటాయి. ఆపైన తెల్లకాగితం పరిచి, అరచేత్తో నిమిరి ఎత్తితే ఒక ప్రతి. అలా ఇరవై అయిదు. ఇరవై ఆరోది చదవాలంటే కళ్లు చికిలించాలి. బట్టల వర్తకుడు జోగారావు పలాస, సుమ్మాదేవి వెళ్లినప్పుడు మూటలో పెట్టుకుపోయి పంచేవాడు.

మొదటి పలక ఎండకు కరిగి కారిపోయింది. రెండోది వానకు గట్టిపడలేదు. మరో రెండు ఎందుకు పాడయ్యాయో అతనికే తెలియలేదు. అయిదోది నిలిచింది. నేను బడిలో పాఠాలు చెప్పేవాణ్ని, అతను నేర్చుకునేవాడు. మా ఇద్దరిలో ఎవరిది పెద్ద చదువో నాకు తెలుసు.

పళ్లెంలో ఒక్క కాగితమే పడుతుంది. అందువల్ల ఆరేళ్లుగా నా రాతను సగానికి సగం కొట్టేసే పని అతనిదే. "సూరీడు పొడవడానికి ఆరు లైన్లేటి మేస్టారూ? ఆడికంత బద్ధకమా?" అనేవాడు.

ఆరోజు అతనితో పోట్లాడ్డానికి సిద్ధపడే వెళ్లాను. అతని వసారాలో మూడు పళ్లేలు వరసగా ఉన్నాయి. మూడింటిలోనూ కొత్త పలకలు. నా రాత మూడు కాగితాలని ముందే కబురు పెట్టాను.

"నా వొంటింటి పళ్లేలు రెండూ లాక్కున్నాడు మేస్టారూ. ఇంక మీరే మాకు అన్నం ఎట్టాలి" అంది అతని భార్య నూకరత్నం.

దానయ్య నా కాగితాలు తీసుకుని నెమ్మదిగా చదివాడు. "మూడూ ఏసీవొచ్చు. ఏటీ కొట్టక్కర్లేదు" అన్నాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

ఆరేళ్లలో అతను నా రాతను బాగుందనలేదు. సంతోషించవలసిన చోట నాకు భయం వేసింది.

"నామీద జాలిపడి వేస్తున్నావా దానయ్యా?"

అతను పలక మీది చిన్న బుడగను కాగితపు అంచుతో తీసి, తుడిచి, అప్పుడు నావైపు చూశాడు.

"అడిగినారు కాబట్టి సెప్తన్నాను. ఈవిడెవురో నాకు తెల్దు. శాంతమూర్తని రాసినారు. ఎన్నడూ పల్లెత్తు మాట అన్లేదని రాసినారు. మీ ఇంట్లో అలాటోలు ఉన్నట్టు నాకు గేపకం లేదు."

"ఏటా మాటలు? పోయినావిడ గురించి" అంది నూకరత్నం.

"నన్ను సెప్పనీవే. అమ్మగారు ఎండాకాలంలో ఒకసారి మందుకొచ్చినప్పుడు ఏటన్నారో తెలుసా మేస్టారూ? 'దానయ్యా, మీ మేస్టారు నా మొగం సూసి ఏడాదయింది. ఆ ఊదా సిరా రవ్వంత ఇయ్యి, మొగానికి పూసుకుంటాను. అప్పుడైనా సదువుతారు' అన్నారు. నవ్వుతూనే అన్నారు. మందు సీసా కొంగున కట్టుకుని నవ్వుకుంటూనే ఎళ్లిపోయినారు."

ఆ మాట ఆమె నాతో అనలేదు. లేదా అన్నప్పుడు నేను వినలేదు. రెండోదే నిజమై ఉంటుంది.

సిరా, కాగితం ఇమ్మన్నాను.

ఆ సిరాతో రాస్తే చెరపడానికి వీల్లేదు. తప్పు రాస్తే ఇరవై అయిదు చోట్ల తప్పు. ఒక్కొక్క మాటే రాశాను. ఆమె నన్ను తిట్టిన తిట్లు రాశాను. పొయ్యి రాజెయ్యడానికి నా చిత్తుకాగితాలు తీసుకుంటూ, "ఇది పనికొచ్చీదా, మీరు రాసిందా?" అని అడిగేదని రాశాను. ఒళ్లు కాలుతోందని ఆమె చెప్పిన రోజున, ఈ నెల పత్రిక పని అయిపోనీ, ఆసుపత్రికి వెళదామన్నానని రాశాను. సిరా గురించి దానయ్యతో అన్న మాట చివర రాశాను. అదంతా ఒక్క కాగితంలో పట్టింది.

దానయ్య చదివాడు. కాగితాన్ని పలక మీద బోర్లించి, రెండు అరచేతులతో మెల్లగా అద్దాడు. జ్వరం చూడ్డానికి రోగి నుదుటి మీద చెయ్యి వేసేటప్పుడు కూడా అతను అంత మెత్తగానే వేస్తాడు. మొదటి ప్రతి ఎత్తి భార్య చేతికిచ్చాడు.

ఆమెకు చదువు రాదు. కాగితం నాకందించి, "సదవండి మేస్టారూ" అంది.

చదివాను. పొయ్యి దగ్గరి మాట వచ్చేసరికి ఆమె పైకే నవ్వింది. వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక కూడా నవ్వు ఆగలేదు. "అవును. గౌరీశ్వరి అప్ప అచ్చం అలాగే అనీది" అంది.

భాద్రపదం నుంచి నా ఎదుట గౌరీశ్వరి పేరెత్తిన వాళ్లందరూ గొంతు తగ్గించే మాట్లాడారు. నవ్విన మనిషి ఈమె ఒక్కతే.

"మల్లీ సదవండి" అంది.

దానయ్య రెండో కాగితం పరుస్తున్నాడు. నేను మొదటినుంచి మళ్లీ చదివాను.