ఈస్టరు దాకా ఆగాలి

ఎనభై ఏడులో సుందరరావు పాస్టరు రాయపూర్ రైల్వే కాలనీలోని తెలుగు చర్చికి వచ్చేనాటికి అక్కడ గిటారు, డ్రమ్ములు, చెవులు చిల్లులు పడే మైకు ఉండేవి. ఆయనకు ముప్పై ఏళ్లయినా లేవు గాని, పాతకాలపు ఆరాధనంటే ప్రాణం. మైకు తీయించాడు. కొవ్వొత్తులు, మోకాళ్లూనే పీటలు, పాస్టరు ఒక మాట పాడితే సంఘం బదులు పాడే క్రమం తెచ్చాడు. కుర్రకారు పారిపోతుందని పెద్దలు భయపడ్డారు. తీరా చూస్తే దూరాన ఉన్న తిల్దా ఊరి నుంచి కూడా పాసింజరు రైలెక్కి వచ్చేవారు. అరుపులు విని విని విసిగినవాళ్లకు ఆ నెమ్మది నచ్చింది. నచ్చదగినదే, నేనేం కాదనను.

అందరికంటే ఎక్కువగా నచ్చింది దాలమ్మకు. ఆమె ఫిట్టరు మల్లేశ్వరరావు భార్య. ఇంట్లో అందరూ హిందువులే. మొగుడు ఒప్పుకోక బాప్తిస్మం తీసుకోలేదు గాని, ఆదివారం మాత్రం మానదు. ఇదివరకటి పాస్టరు ఏమీ అడక్కుండా, బాప్తిస్మమైనవాళ్లకిచ్చే ప్రభువు రొట్టె ఆమె చేతిలోనూ పెట్టేవాడు.

"ఎప్పుడో సచ్చిపోయినోళ్లు అన్న మాటే మనమూ అంతన్నాం కదేటి," అనేది పక్కన కూర్చునే నర్సు రూతమ్మతో. "ఒక్కదాన్నే ఉన్నట్టు నేదు."

పాత క్రమంలో ఇంకోటి కూడా ఉంది. రొట్టె విరిచే ముందు బాప్తిస్మం లేనివాళ్లను బయటికి పంపి తలుపు వేయాలి. సుందరరావు అదీ తెచ్చాడు. పెద్దవాళ్లలో అలాంటిది దాలమ్మ ఒక్కతే. ఆమె లేచి వెళ్లి, చెప్పుల దగ్గర నిలబడి, లోపలి పాటకు బయటినుంచే బదులు పాడింది. కుర్రాళ్లకు ఒళ్లు పులకరించిందట, ఎంత ప్రాచీనంగా ఉందోనని. సిగ్గులేని పులకరింత!

ఆ మరుసటి ఏడు ఎండలు మొదలయ్యేసరికి దాలమ్మ గుండె చెడిపోయింది. ఇక లాభం లేదని ఆస్పత్రివాళ్లు ఇంటికి పంపేశారు. మంచం మీద ఆమె కోరిందల్లా ఆ రొట్టె ముక్కే. మల్లేశ్వరరావు పంతం వదిలి, రూతమ్మను తోడు తీసుకుని పాస్టరు దగ్గరికి తానే వెళ్లాడు.

"దానికి మీ నీళ్లు పోసీండి బాబూ. నానడ్డు రాను. జ్యాదా టైం నేదు."

"చాలా సంతోషమండీ! ఈస్టరు తెల్లవారుజామున ఇద్దాం. తొలి సంఘంలో అదే పద్ధతి. తెల్లబట్టలు, తూర్పుముఖం..."

"అందాకా ఉంటదో నేదో."

"ఆమె నాడి నేను చూశానయ్యగారూ," అంది రూతమ్మ. "ఈవేళే పోయండి."

"నర్సమ్మలకు తొందరెక్కువ," అని నవ్వాడు పాస్టరు.

ప్రాణం మీదికొస్తే ఏ వేళైనా పోయవచ్చునని కూడా ఆ తొలి సంఘపు పాతవాళ్లే చెప్పారు. ఆయనకది తెలుసు. కాని మంచం పక్కన చెంబుతో పోస్తే అందమేముంది? దాలమ్మ కొలతలకు తెల్ల అంగీ కుట్టించాడు.

ఈస్టరుకు ముందురోజు, శనివారం పొద్దున్నే దాలమ్మ పోయింది.

మహాదేవ్ ఘాట్ శ్మశానానికి తీసుకెళ్లే ముందు పెరట్లో శవానికి స్నానం చేయిస్తున్నారు. పాస్టరు వచ్చాడు. మల్లేశ్వరరావు నిండు చెంబు ఆయన ముందు పెట్టాడు.

"ఇప్పుడు పోసీండి."

"పోయినవారికి ఇవ్వకూడదండీ."

"పోనీ ఏటనాలో సెప్పండి. నానే పోత్తాను."

మల్లేశ్వరరావు రూతమ్మ వైపు తిరిగాడు. ఆమెకు ఆ మాటలు వచ్చు. కొన ఊపిరితో ఉన్న పసికందులకు ఆస్పత్రిలో తానే ఆ మాటలు చదివి నీళ్లు పోసిన మనిషి. చెప్పబోయింది.

"రూతమ్మగారూ," అన్నాడు పాస్టరు, మెల్లగానే.

ఆమె నోరు మూసుకుంది.

మల్లేశ్వరరావు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. చెంబెత్తి భార్య నెత్తిన నీళ్లు పోస్తూ, తనకు వచ్చిన ఒక్క దేవుడి మాటే అన్నాడు. గోవిందా అన్నాడు.