మూడో వరుసలో పరుగు

మంగళవారం ట్రాక్ మీద గుంపుకు ఒక్క గడియారమే ఉండాలని పరుగు నేర్పే తువెయ్ మాస్టారి కట్టడి. ముందు పరుగెత్తే మనిషి గడియారం చూస్తుంది. వెనకాల వాళ్ళు ఆ మనిషి మడమలు చూస్తారు. ఆడవాళ్ళ గుంపులో ఆ గడియారం ఆరేళ్ళుగా రాయెల్ చేతికే ఉంది. ముప్పై మూడేళ్ళ రాయెల్ సొంతంగా గెలిచిన పందేలు తక్కువ. అయినా ఆమె అడుగు తప్పదని, కెన్యాలో పరుగులకు పేరుపడ్డ ఆ ఇటెన్‌ ఊళ్ళో పేరు.

క్యాంపులో మంచాలు ఎనిమిదే. కొత్తగా చేరిన పిల్ల తెక్లా ఇప్పటికే రెండు మంగళవారాలు మధ్యలో ఆగిపోయింది. ఈసారీ ఆగితే శుక్రవారం ఊరికి వెళ్ళిపోవాలని మాస్టారు చెప్పేశాడు.

ఆ పొద్దున వానకు ట్రాక్ లోపలి రెండు వరుసలూ ఎర్రటి బురదయ్యాయి. మగవాళ్ళు, ఆడవాళ్ళు అందరూ మూడో వరుసలోకి జరిగారు. ఆడవాళ్ళలో ఆ వారం రాయెల్, తెక్లా ఇద్దరే ఉన్నారు, మిగతావాళ్ళు పందేలకు వెళ్ళారు. మాస్టారి బండి దారిలో దిగబడింది. మొదలుపెట్టమని ఫోన్ చేశాడు. రెండేసి చుట్లు, ఎనిమిది సార్లు. ప్రతిసారీ రెండు నిమిషాల ఇరవై ఎనిమిది సెకన్లు.

"నా మడమలు చూడు. ఇంకేమీ చూడకు," అంది రాయెల్.

"నీ మడమలు కల్లోకి కూడా వస్తున్నాయక్కా. ఎడమదానికి పగులుంది, కాస్త నూనె రాయరాదూ," అంది తెక్లా.

నాలుగుసార్లు బాగానే గడిచింది. ఐదోసారికి తెక్లా ఊపిరి రంపంలా వినిపించింది. రాయెల్‌కూ గుండెల్లో మంట పుట్టింది. వయసు మీద పడుతోందనుకుని పళ్ళు బిగించింది. ఆరోసారి రెండో చుట్టులో వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మాస్టారు గేటు దాటి వచ్చాడు. మిగిలినవి రాయెల్ ఒక్కతే పూర్తిచేసింది.

"ఎంతలో నడిపావు?" అన్నాడు మాస్టారు.

"రెండు ఇరవై ఎనిమిది. ఒక్కటీ దాటలేదు."

ఆయన తెక్లా వైపు తిరిగాడు. "నీ తప్పని కాదమ్మా. ఇంకో ఏడాది ఇంటి దగ్గరుండి పరుగెత్తు. బయట ఒక పిల్ల మంచం కోసం చూస్తోంది."

"సరే మాస్టారూ," అంది తెక్లా, బూట్ల తాళ్ళు విప్పుకుంటూ.

ఆరేళ్ళలో ఇలా ఇంటిదారి పట్టిన పదకొండు మందిని రాయెల్ బండెక్కించింది. ప్రతిసారీ వాళ్ళ సంచీ తనే మోసింది. చేతులు ఖాళీగా ఉంటే ఏడుపొస్తుందని ఆమె భయం. బండి మలుపు తిరిగాక కూడా ఎంతసేపో అక్కడే నిలబడేది, ఆ పిల్ల ఏదైనా మరిచిపోయి దిగి వస్తుందేమోనన్నట్టు.

పన్నెండో సంచీ ఎంత బరువుంటుందోనని ఆలోచిస్తూ ఒళ్ళు చల్లబరుచుకోవడానికి మెల్లగా పరుగెడుతుంటే బిర్గెన్ పక్కకు వచ్చాడు. మగవాళ్ళ గుంపును నడిపేది అతనే.

"ఏం తల్లీ, మేం మూడో వరుస కదా అని ప్రతిసారీ ఐదు సెకన్లు ఎక్కువ తీసుకున్నాం. మీరు ఒక్క సెకనైనా వదల్లేదట. మాకంటే గట్టివాళ్ళని చూపించడానికా?"

రాయెల్ కాళ్ళు ఆగిపోయాయి. మూడో వరుస చుట్టు పెద్దది, అదే సమయానికి అందుకోవాలంటే ఇంకా వేగంగా పరుగెత్తాలి. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు. తెక్లా ఏమవుతుందోనన్న బెంగలో అంకె ఒక్కటే పట్టుకుంది. పిల్ల ఆగిపోలేదు, తనే తరిమి ఆపేసింది.

చెప్పకపోతే ఎవరూ అడగరు. చెబితే, అడుగు తప్పని రాయెల్ అడుగు తప్పిందని ఊరంతా అనుకుంటుంది. నడిపే పనికి ఇంకొకరిని చూసుకుంటారు. నడపని రాయెల్‌కు క్యాంపులో మంచమెందుకు? ఆమె సగం చుట్టు నడిచింది. తెక్లా సాక్సు పిండుతూ కూర్చునుంది. ఎవరి వైపూ చూడటం లేదు.

"మాస్టారూ, కొలత నేను తప్పాను," అంది రాయెల్. అంతా చెప్పింది.

ఆయన మట్టి మీద వేలితో లెక్క వేశాడు. చెరిపి మళ్ళీ వేశాడు.

"రెండు చుట్లకు ముప్పై మీటర్లు ఎక్కువ. ఆరేళ్ళుగా నడుపుతున్న మనిషివి, బుద్ధి ఎక్కడ పెట్టుకున్నావు?"

"ఈ పూట అది నా దగ్గర లేదు మాస్టారూ."

"ఈ పిల్ల ఉంటుందిలే. ఆ వేగంతో ఐదుసార్లు వచ్చిందంటే చాలు." ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు. "మరి అదే వేగంతో ఎనిమిదీ పూర్తిచేసినదాన్ని ఏం చేయాలి?"

రాయెల్ చేతి గడియారం విప్పి ఆయనకు చాపింది.

"వచ్చే మంగళవారం నుంచి బిర్గెన్ గుంపు వెనక పరుగెత్తు. ఈసారి పెద్ద పందేనికి నీ పేరే రాస్తాను, నీకోసం నువ్వు పరుగెత్తడానికి. ఇన్నాళ్ళూ ముందు పెట్టి నిన్ను వెనకే ఉంచాను."

రాయెల్, తెక్లా క్యాంపు దారి పట్టారు. దుంగల లారీ ఒకటి బురద చిమ్ముకుంటూ పోయింది.

"అయితే నా ముందు ఎవరుంటారక్కా?" అంది తెక్లా.

"కొన్నాళ్ళు ఎవరూ ఉండరు."

"నాకు భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది," అంది రాయెల్. ఇద్దరూ ఒకే గదిలో పడుకుని ఒకే పళ్ళెంలో తిన్నా, మంగళవారం మాత్రం ఇక చెరో వైపు. బండి స్టాండుకు తీసుకువెళ్ళనక్కర్లేని వీడ్కోలు ఆమెకు ఇదే మొదటిది. చేతులతో ఏం చేయాలో తోచక ఊరికే ఊపుకుంటూ నడిచింది.