దారి ఇచ్చిన తాటిపట్టె

నేను ఒక తాటిపట్టెను. నిలువునా చీల్చిన తాటిచెట్టులో సగాన్ని. మిగతా సగం ముత్యాలరావు గారి పశువుల పాకకు దూలమై నీడపట్టున హాయిగా ఉంది. నా రాత మాత్రం నలుగురి కాళ్ళ కింద రాసిపెట్టి ఉంది.

గట్టు మీద చెట్టుగా ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. తుఫానుకు పడిపోయాక వడ్రంగి వచ్చి చీల్చి, చదునుగా చెక్కాడు. ముత్యాలరావు గారు నన్ను తన పొలంలోని పంటబోదె మీద అడ్డంగా వేయించారు. గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని కాలువ దాటడానికి ఆయనకొక ఆసరా, అంతే.

బోదె అవతల కొండ. కొండ మీద మల్లేశ్వరస్వామి. రోడ్డున వెళితే చాలా చుట్టు. ఈ పొలంలోంచి, నా మీదుగా అయితే దగ్గర. కార్తీక సోమవారాల్లో వేకువనే జనం బారులు తీరేవారు. ముత్యాలరావు గారు ఎవరినీ ఆపలేదు. అంచున వరి తొక్కినా ఏమీ అనలేదు. పైగా కుండతో మంచినీళ్ళు పెట్టించారు. పక్క పొలం గోపాలరాజు గారు మాత్రం ముళ్ళకంచె వేసి, కుక్కను కట్టేశారు.

ఉపకారం చేసినదాన్ని దాని మానాన వదలడం మనుషులకు చేతకాదు. పసుపు రాస్తారు. నాకూ రాశారు, బొట్లు పెట్టారు. తరువాత నా మీద వరసగా ప్రమిదలు పెట్టడం మొదలుపెట్టారు. ఒలికిన నూనె తాగినంత తాగాను. తాగలేనిది నా ఒంటిమీదే నిలిచిపోయింది.

"అమ్మా, దీపాలు ఇలా పక్కన నేల మీద పెట్టుకోండమ్మా. కాలు జారుద్ది," అన్నారు ముత్యాలరావు గారు.

"దాటించే తల్లికి నేల మీద పెడితే ఏం బాగుంటాదండీ?" అంది ఒకావిడ.

వెలుగుతున్న దీపాన్ని తీసెయ్యమనే ధైర్యం రోజూ స్వామికి దణ్ణం పెట్టుకునే మనిషికి ఎక్కడిది? అందరూ వెళ్ళాక ఆయనే బూడిద చల్లి నన్ను తుడిచేవారు.

ఒక సోమవారం ఆ బూడిద పడకముందే ఊళ్ళో కుర్రాడు బుల్లెబ్బాయి నా మీంచి జారాడు. తనకన్నా ముందు దాటిన పిన్ని పెట్టిన దీపాన్ని తొక్కకూడదని కాలు పక్కకు వేశాడు. తొడ ఎముక విరిగింది.

అతను ఆసుపత్రి నుంచి వచ్చాక, ఊరి పెద్దమనుషులు నన్ను చూడటానికి బోదె గట్టుకే వచ్చారు. బుల్లెబ్బాయిని కుర్చీలో మోసుకొచ్చారు.

"నీ పొలం, నీ పట్టె. పూచీ నీదే," అన్నాడు బుల్లెబ్బాయి బావ వీర్రాజు.

"నన్నడిగి ఎక్కాడా?"

"ఎక్కొద్దన్నావా మరి? స్టేషన్‌కెళ్ళి కేసు పెడితే తెలుస్తాది."

పెద్దాయన ఒకరు గొంతు సవరించుకున్నారు. "గోపాలరాజు గారిలాగ నువ్వూ కంచేసుకునుంటే నీ మీదకి మాటే రాకపోను కదయ్యా."

విన్నారా? దారి ఇవ్వనివాడు పెద్దమనిషి. ఇచ్చినవాడు ముద్దాయి. స్వామీ, ఇదెక్కడి లెక్క?

ముత్యాలరావు గారు చేతులు జోడించారు. "వైద్యానికి నా చేతనైంది ఇత్తానండి. కానీ రేపు ఇంకోడు పడితే నా రెండెకరాలూ పోతాయి. ఒక్క మాట అనండి. దాటేవాడి అడుగుకి దాటేవాడిదే పూచీ అని ఊరంతా ఒప్పుకోండి. పట్టె ఇక్కడే ఉంటాది."

ఒకరు కొండవైపు చూశారు. ఒకరు చెప్పులు వెతుక్కున్నారు. బుల్లెబ్బాయి నోరు తెరవబోయాడు. వీర్రాజు అతని భుజం నొక్కాడు.

ఆ మధ్యాహ్నమే ముత్యాలరావు గారు నన్ను లాగేసి, దారికి తుమ్మకంప అడ్డం పెట్టారు.

"శివుడి దారికి కంప కొడతారా?" అంది ఆయన భార్య నాగరత్నమ్మ.

"శివుడు నా మీద కేసు పెట్టడే. పెట్టేది ఆయన భక్తులు."

మరుసటి సోమవారం జనం కంప దగ్గర నిలబడి ఆయన్ని తిట్టారు. తరువాత దిగువన, నడుంలోతు నీళ్ళలో దిగి దాటారు. అక్కడ ఎవరైనా జారితే పూచీ ఎవరిదో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నేను పశువుల పాక పక్కన పడి ఉన్నాను. అడుగున చెదలు పట్టింది. ఈమధ్య బుల్లెబ్బాయి కర్ర పొడుచుకుంటూ వచ్చి నా మీదే కూర్చున్నాడు.

"పట్టె మళ్ళీ వేసెయ్ బాబాయ్. మా అమ్మ నీళ్ళలో దిగలేకపోతంది."

"ఆరోజు నువ్వు నోరిప్పుంటే తీసేవాణ్ణే కాదురా."

"మా బావ ఇప్పనిచ్చాడా?"

"ఇప్పుడను. పదిమందిలో నిలబడి, నా అడుగు నాదేనను."

బుల్లెబ్బాయి కర్ర వైపు చూసుకున్నాడు. "కాలు పూర్తిగా కుదరనీ బాబాయ్, చూద్దాం," అని లేచాడు.

ఎంత జాగ్రత్తగా వెళ్ళాడనుకున్నారు! ప్రతి అడుగూ చూసుకుని మరీ వేశాడు.

ఆ సాయంత్రం నాగరత్నమ్మ ప్రమిద పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. నా మీద పెట్టబోయి ఆగింది. వంగి, నా పక్కన నేల మీద పెట్టింది.

ఆనాడు ముత్యాలరావు గారు దీపాలు పెట్టమన్న చోటు అదే.