అలలు విరగని చోటు

ఆ ఉదయం మబ్బు కమ్మి, తూర్పున మాత్రం కాస్త తెరిపి ఉంది. మా అత్త రూతమ్మ సముద్రంలో బాప్తిస్మం తీసుకోవాలి. అలలంటే భయంతో రెండేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చింది.

"అబ్బయ్యా, ఆడ అలలే లేవు. పాస్టరుగార్ని ఆడే ముంచమను," అంది, నురుగుల మధ్య నున్నగా ఉన్న నీళ్లను చూపిస్తూ.

నేనొక కొబ్బరి డొక్కను అక్కడికి విసిరాను. అది ఒడ్డుకు రాలేదు, చూస్తుండగానే సముద్రం లోపలికి కొట్టుకుపోయింది. ఒడ్డెక్కిన నీళ్లు వెనక్కి పోయే దారి అదే.

"ఆడ మునిగితే నేరుగా పరలోకమే అత్తా."

"అంత తొందరేం లేదులే నాకు."

పక్కన, అలలు విరిగే మోకాలి లోతులో, పాస్టరుగారు ఆమెను కూర్చోబెట్టి ముంచారు. ఆమె నా చెయ్యి వదల్లేదు.

ఇంటికొచ్చాక తడి జుట్టుతోనే చేపల పులుసు వడ్డించి, పెద్ద ముక్క నా కంచంలో వేసింది.