పొయ్యిగోడ మీది ఒప్పందం

హైవే పక్కనున్న ఫంక్షన్ హాల్లో బస్వమ్మ వంట చేస్తుంది. పదహారేళ్ళలో ఎన్నో పెళ్ళిళ్ళకు వండింది గానీ, అరవై నలుగురు ఎమ్మెల్యేలు మూడు బస్సుల్లో ఒక్కసారే దిగడం ఆ ఏడే చూసింది. ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు. మూడు పార్టీలు కలిస్తే తప్ప ప్రభుత్వం ఏర్పడదు. కలిసేలోగా ఎవరూ జారిపోకుండా అందరినీ తెచ్చి జహీరాబాద్‌లో పెట్టారు. వ్యవహారం మరీ అడ్డం తిరిగితే కర్ణాటక సరిహద్దు అరగంట దూరమే.

ఆ పార్టీల పేర్లకు బస్వమ్మ నోరు తిరగలేదు. పెద్ద పార్టీ, నడిమి పార్టీ, చిన్న పార్టీ అని పెట్టుకుంది.

చర్చలు పై అంతస్తులో, తిప్పలు కింద వంటగదిలో. పెద్ద పార్టీ వాళ్ళు రోజూ మటన్ అన్నారు. చిన్న పార్టీకి చేపలు కావాలి. నడిమి పార్టీ నాయకుడు సంగప్ప జొన్నరొట్టె, పుంటికూర లేనిదే ముద్ద దిగదని కబురంపాడు. రెండో రోజు ముగ్గురు ఎమ్మెల్యేలు వంటగదిలోకే వచ్చి, పెద్ద పొయ్యి మాదంటే మాదని ఒకరినొకరు తోసుకున్నారు. బస్వమ్మ గ్యాస్ కట్టేసింది. మూడు పార్టీల పెద్దలూ వచ్చి సంతకం పెడితేనే మళ్ళీ వెలిగిస్తానంది.

ఆకలి మీదున్నారు కాబట్టి వచ్చారు. ఆమె చెబుతుంటే హాల్ క్లర్కు మమత రాసింది. పెద్ద పొయ్యి రెండు రోజులు పెద్ద పార్టీది, తర్వాత ఒక రోజు నడిమి పార్టీది, ఒక రోజు చిన్న పార్టీది. పప్పు మాత్రం అందరికీ ఒక్కటే. ఎవరి కారం వాళ్ళు కలుపుకోవాలి, పక్కవాడి విస్తట్లో వేయకూడదు. వడ్డించేవాడు అందరూ తిన్నాకే తినాలి. పక్కవాడు తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు.

ముగ్గురూ సంతకాలు పెట్టారు. బస్వమ్మ ఆ కాగితాన్ని పిండిముద్దతో పొయ్యి పైన గోడకు అంటించింది.

ఐదో రోజు గవర్నరు దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. మూడు పార్టీల సంతకాలున్న ఉమ్మడి ఒప్పందం సాయంత్రం నాలుగింటికల్లా తేవాలన్నారు. పైన అప్పటికి పద్నాలుగు ముసాయిదాలు రాశారు. ఒకరు ఒప్పుకున్నది ఇంకొకరు ఒప్పుకోలేదు. పన్నెండింటికి పెద్ద పార్టీ నాయకుడు మదన్‌మోహన్ మజ్జిగ కోసం వంటగదిలోకి వచ్చి గోడ మీది కాగితం చదివాడు. గ్లాసు పక్కన పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"ముగ్గురి సంతకాలు గీన్నే ఉన్నయి గదా," అన్నాడు.

అది వంట సంగతి అని బస్వమ్మ చెప్పింది.

"ఎరికేనమ్మా. గని గింత సాఫ్‌గ మేమెవ్వలం రాయలేదు."

అట్లకాడతో కాగితాన్ని గోడ నుంచి లేపారు. పసుపు మరకతో సహా అది హైదరాబాద్ వెళ్ళింది. మూడు బస్సులూ దాని వెనకే వెళ్ళాయి.

పెద్ద పొయ్యి అంటే ముఖ్యమంత్రి కుర్చీ అనీ, పప్పు అంటే సంక్షేమం అనీ, కారం అంటే సిద్ధాంతం అనీ, వడ్డించేవాడు అంటే ఆర్థిక మంత్రి అనీ ఆ సాయంత్రం టీవీలో ఒక ప్రొఫెసర్ వివరించాడు. వడ్డించేవాడు చివర తినాలని ఉంది కాబట్టి ఆర్థిక శాఖను ఎవరూ ముట్టలేదు. ప్రమాణస్వీకారానికి ఆలస్యంగా వచ్చిన ఒకాయనకు దాన్ని అంటగట్టారు. రేపు ఏదైనా తేడా వస్తే తనను పట్టుకుపోతారేమోనని బస్వమ్మ మమతను పదిసార్లు అడిగింది.

మదన్‌మోహన్ ముఖ్యమంత్రి అయిన మూడో రోజు పొద్దున్నే సంగప్ప వెళ్ళి కుర్చీ దిగమన్నాడు. రోజు అంటే ఏడాది అని మదన్‌మోహన్ వాదన. వకీళ్ళు తేల్చలేకపోయారు. మధ్యాహ్నానికి సైరన్లతో కార్లొచ్చి ఫంక్షన్ హాల్ ముందు ఆగాయి. లోపల ఎవరిదో పెళ్ళి. బస్వమ్మ రొట్టెలు తడుతోంది. ముఖ్యమంత్రి పీట లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. వెంట వచ్చిన సంగప్ప, ఒక అధికారి పక్కన నిలబడ్డారు.

"జర సోచాయించి చెప్పు బస్వమ్మా. రోజంటే నీ మనసుల ఏమున్నది?"

ఏడాది అని ఒక్క మాటంటే ఈ కార్లన్నీ వెళ్ళిపోతాయని ఆమెకు తెలుసు. కానీ ఆనాడు ఆమె తలుచుకున్నది మర్నాటి పొయ్యినే. లేనిది ఉందనడానికి నోరు రాలేదు.

"రోజంటే రోజే సార్. పొద్దు పొడిసినకాన్నుంచి పొద్దు గూకేదాక."

అధికారి రాసుకుని ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. సంగప్ప అక్కడే రెండు రొట్టెలు తిని, హైదరాబాద్ వెళ్ళి ముఖ్యమంత్రి అయ్యాడు.

అప్పట్నుంచి ముఖ్యమంత్రి పేరు పలకను కొక్కేనికి తగిలించడం మొదలుపెట్టారు. బంగ్లాలో ఎవరూ పెట్టె పూర్తిగా విప్పలేదు. జనం కూడా అలవాటు పడ్డారు. రోడ్డు కావలసినవాళ్ళు ఒక రోజు, పింఛను కావలసినవాళ్ళు ఇంకో రోజు వెళ్ళేవాళ్ళు. పక్కవాడు ముగించేదాకా లేవకూడదు కాబట్టి అసెంబ్లీలో వాకౌట్లు ఆగిపోయాయి, సభ్యులు కూర్చునే కునికేవాళ్ళు. ఏడాది తిరిగినా ప్రభుత్వం పడలేదు. వంతు మళ్ళీ వస్తుందని తెలిశాక ఎవరికీ పక్కవాణ్ణి తోసేయాలనిపించలేదు.

ముగ్గురూ బస్వమ్మను మరిచిపోలేదు. ఎవరి రోజున వాళ్ళు ఫోన్ చేసి ఏం కావాలో అడిగారు. తన ఊరు ఝరాసంగం నుంచి జహీరాబాద్‌కు పొద్దున ఆరింటికి ఒక బస్సు వేయిస్తే చాలని ముగ్గురికీ అదే మాట చెప్పింది. ఒకరు మంజూరు చేసింది మిగతా ఇద్దరికీ తెలియలేదు.

సోమవారం ఆరింటికి ఊళ్ళోకి మూడు బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆడవాళ్ళంతా కూరగాయల గంపలతో మొదటి దాంట్లోకే ఎక్కారు. బస్వమ్మ కూడా ఎక్కి కిటికీ పక్కన చోటు చేసుకుంది. వెనక రెండు ఖాళీ బస్సులు దారి కోసం హారన్ కొడుతూ జహీరాబాద్ దాకా వచ్చాయి. అవి ఎవరివని కండక్టర్ అడిగితే, తనకేం తెలుసని చెప్పి ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.