కిటికీ దగ్గర చెప్పాల్సిన పేరు

మా లోయలో టీ ఎప్పుడూ గిన్నె నిండా పోయకూడదు. అడుగున కాస్త పోసి అందించాలి, తాగి ఇవ్వగానే మళ్ళీ కాస్త పోయాలి. నిండా పోస్తే, తాగేసి లేచి వెళ్ళమన్నట్టు. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఇంట్లో అలాగే పోస్తున్నాను కాబట్టి నా గిన్నెలో టీ ఎప్పుడూ చల్లారే ఉంటుంది. ఆ ఉదయం నా భర్త తురాత్ నాలుగోసారి గిన్నె చాపుతూ, ఉప్పు అందించమన్నంత మామూలుగా అన్నాడు.

"ఆదివారం ఆవుని సంతకి తోలుకెళ్తా. డాక్టరు ఇంకో కవరు అడుగుతున్నాడు."

ఆ ఆవు నాది. మా అమ్మ నాకిచ్చిన పెయ్యకి పుట్టింది. దాని దూడ పది రోజుల క్రితమే సంతకి పోయింది. మామయ్యకి గజ్జల్లో పేగు జారి, నొప్పితో మెలికలు తిరుగుతుంటే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆపరేషన్ చెయ్యాలంటే డాక్టరుకి ముట్టజెప్పాలని తురాత్ అన్నాడు, దూడ వెళ్ళిపోయింది. ముసలాయన ప్రాణం ముందు దూడ ఎంత అనుకున్నాను. కానీ మర్నాడు తురాత్ బండికి నాలుగు కొత్త టైర్లు కనిపించాయి. "స్నేహితుడిచ్చాడు, మెల్లిగా ఇవ్వమన్నాడు" అన్నాడు. మా లోయలో మెల్లిగా ఇవ్వమనే స్నేహితుడు ఎవరికీ లేడు. ఆ రోజునుంచీ నాకు అనుమానం పట్టుకుంది.

అనుమానం ఒక్కడి దగ్గర ఆగేది కాదు. డాక్టరు నవ్వితే అతని జేబు చూశాను. అతను కట్టు విప్పుతుంటే కాళ్ళు చూశాను. బూట్ల అడుగులు ఊడిపోతే జిగురు పెట్టి అతికించుకున్నాడు. కవర్లు తీసుకునేవాడి బూట్లు ఇలా ఉంటాయా? లేక తెలివైనవాడు కనుకే ఇలాంటివి వేసుకుంటాడా? నర్సు దూదీ సిరంజిలూ కొనుక్కురమ్మంటే, నిన్న తెచ్చినవి ఏమయ్యాయని లెక్క అడిగాను. ఆవిడ నన్ను పురుగుని చూసినట్టు చూసింది. ఇంత మందిని అనుమానిస్తూనే, తెల్లవారకముందే లేచి పాలు పితికి, రొట్టె కాల్చి, పులుసు కాచి, దిండూ దుప్పటీ ఫ్లాస్కూ మోసుకుని వ్యాను ఎక్కుతున్నాను. మామయ్యని పక్కకి తిప్పి ఒళ్ళు తుడిచేది నేను. చెంబు పట్టేది నేను. ఆయన సిగ్గుతో గోడవైపు తిరిగితే, చూడనట్టు మాట్లాడుతూ ఉండేదీ నేనే. సాయంత్రం ఇంటికి రాగానే అందరికీ టీ పొయ్యాలి. తురాత్ పని ఒక్కటే, డబ్బు కట్టే కిటికీ. "ఆ సంగతులు నేను చూసుకుంటాలే, నోరు తెరిచి ఆయన పేరు చెప్పగలవా నువ్వు?" అని నవ్వేవాడు.

చెప్పలేను. మాలో కోడలు మామగారి పేరూ అత్తగారి పేరూ పలకదు. పేరే కాదు, ఆ పేరులో ఉన్న మాట కూడా పలకదు. మామయ్య పేరు మొదట్లో మా భాషలో గొర్రె ఉంది. అందుకని మంద ఇంటికొచ్చిందని చెప్పాలన్నా "మే మే అనేవి వచ్చాయి" అంటాను. కొత్తగా వచ్చిన ఏడాది ఒకసారి నోరు జారి గొర్రె అన్నాను. అత్తయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. "వెళ్ళి నోరు పుక్కిలించుకో" అంది. బయట మంచులో నిలబడి పుక్కిలించాను, పళ్ళు జివ్వుమన్నాయి. అత్తయ్య కూడా మామయ్య పేరు ఎత్తదు. యాభై ఏళ్ళుగా ఆయన ఆమెకి "పిల్లల తండ్రి".

ఆవు మాట విన్న రోజు అత్తయ్య కూడా నాతో ఆసుపత్రికి వచ్చింది. పక్క మంచం ముసలాయన భార్య రొట్టె విరిచి మా చేతుల్లో పెడుతూ అడిగింది.

"మీ ఆయనకి ఎన్నేళ్ళు వదినా?"

"డెబ్బై నాలుగు," అంది అత్తయ్య. "ఈ ఆపరేషన్‌కి దూడ పోయింది. ఆదివారం ఆవు పోతుంది."

"అదేంటి? డెబ్బై దాటినవాళ్ళకి సర్కారే కడుతుందిగా. దూదీ సూదులూ మనం తెచ్చుకున్నాం, అంతే. గోడ మీద కాగితం చూళ్ళేదా?"

ఆ కాగితం ఒక పూలకుండీ ఆకుల వెనక ఉంది. ఆకులు పక్కకి తీసి రెండుసార్లు చదివాను. ఆమె చెప్పింది నిజమే. కానీ గోడ మీద రాసిందల్లా చేతికొస్తుందని నేను నమ్మను. ఉచితం అని అంటించిన గోడ కిందే దూది కొనుక్కురమ్మన్నారు కదా. అందుకే డబ్బు కట్టే కిటికీ దగ్గరికి వెళ్ళాను. అత్తయ్య గొణుక్కుంటూ వెనకే వచ్చింది.

"రోగి పేరు?" అంది కిటికీలో అమ్మాయి.

"మూడో వార్డు. కిటికీ పక్క మంచం."

"మంచానికి వివరాలు చెప్పనక్కా. పేరు కావాలి."

"మా మామయ్య."

వెనక వరసలో ఎవరో నవ్వారు. "నాకూ ఉన్నాడో మామయ్య," అంది కిటికీలో అమ్మాయి, కాస్త జాలిగానే. "ఆయన గుర్తింపు పాస్‌పోర్టు చూపించండి పోనీ."

పాస్‌పోర్టు తురాత్ కోటు జేబులో ఉంది. అత్తయ్య నా చెయ్యి పట్టి లాగింది. "రా పిల్లా. వాడొచ్చి అడుగుతాడులే."

కిటికీ అంచున దారంతో కట్టిన పెన్ను ఉంది. రాసిస్తే సరిపోయేది. పెన్ను చేతిలోకి కూడా తీసుకున్నాను. రాస్తే, నోరు తెరిచి చెప్పలేవన్న తురాత్ మాట నిజమవుతుంది. ఇవాళ రాస్తాను, రేపు మళ్ళీ ఎవరో నాకోసం మాట్లాడతారు, ఎల్లుండి నా ఆవు పోతుంది. ఇది మర్యాద అనుకుని పద్దెనిమిదేళ్ళు మోశాను. నా మర్యాద చాటున ఎవరు హాయిగా తిరుగుతున్నారో అప్పుడు తెలిసింది, ఒళ్ళు మండింది. పెన్ను వదిలేశాను.

"కొయ్చుమాన్," అన్నాను. ఆ అమ్మాయికి వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. "కొయ్చుమాన్ అసనాలియేవ్."

అత్తయ్య చెయ్యి నా మోచేతి మీదనుంచి జారిపోయింది. నేను వెనక్కి చూడలేదు.

కిటికీలో అమ్మాయి కంప్యూటరు చూసింది. "ఈయనకి కట్టేదేమీ లేదు. ఎవరూ ఏమీ కట్టలేదు కూడా. మీ ఇంటినుంచే నిరుడు ఇంకొకావిడ వచ్చారు, కంటి శుక్లానికి." నేను పలకని రెండో పేరు కూడా ఆ అమ్మాయి చదివేసింది. "సైరాకాన్ అసనాలియేవా. ఆవిడకీ డెబ్బై దాటాయి, కట్టేదేమీ లేదు."

అప్పుడు వెనక్కి చూశాను. అత్తయ్య తన మణికట్టు చూసుకుంటోంది. వాళ్ళమ్మ ఇచ్చిన వెండి కడియాలు నిరుడు కంటి ఆపరేషన్‌కని తురాతే తీసి పట్టుకెళ్ళాడు. కంటికి కట్టుతో పడుకుని ఆమే చేతులు చాపింది.

అయినా నా అనుమానం తీరలేదు. కిటికీలో కట్టకపోతే జేబులో పెట్టి ఉండొచ్చు. నడవాలో డాక్టరు కనబడితే అడ్డం నిలబడి అడిగేశాను, కవరు అందిందా అని. అతని మొహం ఎర్రబడింది.

"ఎవరిచ్చారమ్మా? మీ ఆయన్ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. రోజూ వచ్చేది మీరేగా."

నిజమే, రోజూ వచ్చేది నేనే.

మధ్యాహ్నం తురాత్ వచ్చాడు. కొత్త టైర్ల బండిని గేటు ముందే ఆపి, తాళాలు తిప్పుకుంటూ వార్డులోకి వచ్చాడు. మామయ్య మంచం పక్కన నేను పులుసు పోస్తున్నాను. ఫ్లాస్కు తీసి తురాత్‌కి గిన్నె నిండా టీ పోశాను.

"ఆదివారం తెల్లారేసరికి ఆవు సిద్ధంగా ఉండాలి," అన్నాడు. "డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి వస్తున్నా. ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇదే ఆఖరి కవరు."

నేను నోరు తెరవబోయాను. అంతలో అత్తయ్య స్టూలు మీదనుంచి లేచింది. బోసి చేతులతో తలగుడ్డ బిగించుకుంది.

"పదరా కిటికీ దగ్గరికి," అంది కొడుకుతో. "పేరు నా కోడలు చెబుతుంది."