జోగమ్మ పెరట్లో అంటు జీడిమామిడి

నేను ఒక జీడిమామిడి చెట్టును. ఒక్క చెట్టునని చెప్పుకుంటాను గానీ, నిజానికి నాలో ఇద్దరున్నారు. నా వేరు ఏదో ఇసుక దిబ్బ మీది నాటు చెట్టు పిక్కలోంచి మొలిచింది. నా కొమ్మ హైబ్రిడ్ చెట్టుది. నర్సరీలో ఒకామె నాటుమొక్క తల కోసి, కాండాన్ని చీల్చి, ఆ చీలికలో హైబ్రిడ్ పుల్లను దించి ప్లాస్టిక్ పట్టీ చుట్టింది. చాలా రోజులు మగతలోనే గడిపాను. వేరుకు కలలో సముద్రపు గాలి వీచేది. కొమ్మకు నేనెన్నడూ చూడని తోటలు కనిపించేవి. ఏ కల ఎవరిదో తేలకముందే గాయం మానిపోయింది.

నన్ను కొన్నది జోగమ్మ. ఉద్దానంలో జీడిపిక్కలు కొట్టే ఫ్యాక్టరీలో పని. పాతికేళ్లుగా జీడిసొన తగిలి ఆమె వేళ్లు నల్లబడ్డాయి. చుట్టూ జీడితోటలే అయినా ఆమెకు సొంతానికి ఒక్క చెట్టూ లేదు. ఇంటి వెనక చిన్న పెరడు మాత్రం ఉంది. నన్ను సంచితో సహా చంకన పెట్టుకుని బస్సు దిగింది.

"ఈ పుల్లకోసం బస్సెక్కి ఎల్లినావేటే?" అన్నాడు ఆమె భర్త కూర్మయ్య. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం ఆయన పని. తాను ఎక్కలేని మొక్క ఆయన కంటికి ఆనలేదు.

జోగమ్మ రోజూ నన్ను తడిమి చూసేది. అంటు కింద నాటు చిగురు కనిపిస్తే గిల్లేసేది. మొదటి ఏడు వచ్చిన పూతనూ తుంచేసింది. "ముందు నువ్వు గట్టిపడమ్మా" అంది. కాపు కోసం పెంచి పూత తుంచడం మనుషులకే తెలిసిన ప్రేమ.

మూడో ఏట తుఫాను వచ్చింది. గాలి నన్ను పక్కకు పడదోసింది. సగం వేళ్లు బయటపడ్డాయి. వెలుతురు ఎలా ఉంటుందో అవి అప్పుడే చూశాయి. కూర్మయ్య ఎక్కే కొబ్బరిచెట్లన్నీ నేలకూలాయి. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగు రోజులు మంచం దిగలేదు. అయిదో రోజు పొద్దున్న కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

"పొయ్యిలోకైనా పనికొస్తాది."

జోగమ్మ నాకు అడ్డంగా నిలబడింది. "ఇది సచ్చిపోనేదు. ఏర్లు పచ్చిగున్నాయి సూడు."

"ఊర్లో ఇన్ని చెట్లు పోనాయి. ఇదొక్కటీ ఉండి ఏటి సేస్తాదే?"

"పడిపోయిందానికల్లా కత్తెడతావేటి? నాలుగు రోజుల్నించి నువ్వూ పడే ఉన్నావు. మరి నిన్నేటి సెయ్యాల?"

కూర్మయ్య కత్తి కింద పెట్టి లోపలికి వెళ్లి, తాను చెట్లెక్కే మోకు తెచ్చాడు. నా మొదలుకు గోనెపట్టా చుట్టి దాని మీద మోకు బిగించాడు. ఆయన లాగాడు, ఆమె భుజంతో నెట్టింది. పక్కకు జారిన ఆకాశం కొంచెం కొంచెంగా మళ్లీ నా నెత్తిమీదికి వచ్చింది. ఆ సాయంత్రం కూర్మయ్య అన్నం అడిగి మరీ తిన్నాడు. తర్వాతి వారం నుంచి కొత్త కొబ్బరిమొక్కలకు గోతులు తవ్వే పనికి వెళ్లాడు.

మరుసటి ఏడు నేను పూయలేదు. ఆ పై వేసవిలో పదకొండు పండ్లు కాశాను. జోగమ్మ పిక్కలు కాల్చి కొట్టింది. ఆమె చేతి నేర్పుకు పప్పు ఒక్కటీ విరగలేదు.

"రెండు పిక్కలు దాసీవలిసింది. ఇత్తనానికి పనికొచ్చును" అన్నాడు కూర్మయ్య.

"అంటుచెట్టు పిక్క ఏస్తే దీనిలాటిదే మొలవదు. నర్సరీలోనే సెప్పినారు."

అది నిజమే. నా పిక్కలో మొలిచేది నేను కాదు, మరెవరో.

"మరేటి సేస్తావు?"

"తింటాను. ఇన్నేళ్లూ లచ్చల పిక్కలు కొట్టినాను గానీ, ఇరగని పప్పు ఒక్కటీ నోట్లో ఏసుకోనేదు."

ఒక పప్పు నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. నెమ్మదిగా నమిలింది.

"ఎలగుందే?"

జోగమ్మ ఇంకొకటి తీసి ఆయన నోట్లో పెట్టింది. నా నీడలో కూర్చుని ఇద్దరూ మొత్తం తినేశారు, రేపటికని ఒక్కటీ మిగల్చకుండా. వాళ్లను చూస్తూ చూస్తూ మెల్లగా నిద్రలోకి జారుకున్నాను. అప్పుడు నాలోని ఇద్దరికీ ఒకే కల వచ్చింది.